గోడకు కట్టిన కర్టెన్

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు యాభై ఎనిమిదో ఏట నేర్చుకున్నాను. ఒత్తులు ఇప్పటికీ ఒక్కోసారి నా మాట వినవు. ఒక పేజీ రాయడానికి నాకు రెండు పూటలు పడుతుంది. పోయిన వారం భాగం ఆలస్యమైనందుకు పత్రికవాళ్ళు ఏమీ అనలేదు గానీ చదివేవాళ్ళు బాగానే అన్నారు. తప్పులుంటే మన్నించండి. చెప్పే విషయంలో మాత్రం దాపరికం లేదు.

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం జరిగింది క్లుప్తంగా చెబుతాను. మా చెల్లెలి కూతురికి పద్దెనిమిదేళ్ళు. వీధంతా దాన్ని టేపు అని పిలుస్తుంది. నా కుట్టుమిషన్ దగ్గర కొట్టేసిన కొలతల టేపు మెడలో లేకుండా అది గడప దాటదు మరి. గదిలో ఏది ఎక్కడుంటే మనిషికి సుఖం అన్నది దాని పిచ్చి. పద్నాలుగో ఏట ఒకరోజు వంటింట్లో మూల కూర్చుని, వాళ్ళమ్మ ఒక పూటలో ఎన్నిసార్లు వంగి లేస్తుందో గీతలు గీసి లెక్కపెట్టింది. యాభై మూడు సార్లు. మర్నాడు డబ్బాలన్నీ నడుము ఎత్తుకి ఎక్కించింది. "నా డబ్బాలు కదిపిందెవరే?" అని వాళ్ళమ్మ ఇల్లెగిరిపోయేలా అరిచింది. వారం తర్వాత మా మరిది వాటిని తీసి పాత చోట పెట్టబోతే ఆయన మీదా అలాగే అరిచింది.

ఈ పని మీద మనసున్న పిల్లలు ఎలా నేర్చుకుంటారో నాకు తెలియదు. ఇది మాత్రం ఇలా నేర్చుకుంది: వీధిలో ఎవరు రానిస్తే వాళ్ళింట్లోకి దూరి గదులు కొలిచింది. చెప్పుల డబ్బాలతో గదులు, అగ్గిపెట్టెలతో మంచాలు చేసింది. వడ్రంగి షెడ్డులో నెలల తరబడి కూర్చుని ఏ చెక్క వంగుతుందో, ఏది ఉబ్బుతుందో అడిగి అడిగి ఆయన బుర్ర తినేసింది. నా దగ్గర బట్ట ముక్కలు పట్టుకెళ్ళి ఏది ఎండకి వెలుస్తుందో డాబా మీద ఆరేసి చూసింది. ప్రతి ఇంట్లోనూ అక్కడుండే మనిషిని "మీకు ఈ గదిలో ఏది అడ్డం తగులుతుంది?" అని అడిగి నోటుబుక్కులో రాసుకుంది. పై అంతస్తులో చూపు మందగించిన తాతగారి మంచాన్ని రెండడుగులు జరిపింది. ఇప్పుడు ఆయన గోడ పట్టుకుని ఎవరినీ లేపకుండా స్నానాల గదికి వెళ్తున్నారు.

ఆ చెప్పుల డబ్బా ఇల్లు నా కొట్లో ఉండగా డిజైనరమ్మ చూసింది. ఊళ్ళో కొత్తగా కట్టే పెద్ద అపార్టుమెంట్లన్నిటికీ లోపలి అలంకారం ఆవిడదే. ఏడాదికి ఒక్కరిని తన ఆఫీసులో పెట్టుకుని పని నేర్పిస్తుంది. "శుక్రవారం మోడల్ ఫ్లాట్‌కి రమ్మను. అక్కడేం బాగుందో రాసుకుని నాకు చూపించమను," అంది. మా మరిది ఈ మాట విని నోటుబుక్కు వైపు చూసి పెదవి విరిచాడు. "ఆవిడ తీసుకుంటే సరే వదినా. తీసుకోకపోతే సోమవారం నుంచి మన బకెట్ల కొట్లో కూర్చుంటుంది. గదులు కొలుచుకుంటూ తిరిగితే పిచ్చిదనుకుంటున్నారు జనం."

పోయిన వారం అక్కడ ఆపాను. ఇక శుక్రవారం సంగతి.

మోడల్ ఫ్లాట్ అంటే నిజం ఫ్లాట్ కాదు. అసలు భవనం ఇంకా సగంలోనే ఉంది. దాని ముందు రేకుల షెడ్డు వేసి, అందులో ఒక ఫ్లాట్ ఎలా ఉండబోతుందో కట్టి చూపిస్తారు. బయట ఇసుక, సిమెంటు బస్తాలు. లోపలికి అడుగుపెడితే చల్లగా సెంటు వాసన. కొనబోయేవాళ్ళు శనివారం పొద్దున పదింటికి మొదటిసారి వస్తారట. ఆ హడావిడిలో డిజైనరమ్మ అటూ ఇటూ తిరుగుతోంది. కళ్ళజోడు నెత్తి మీద, ఇంకో కళ్ళజోడు మెడలో. ముక్కు మీద మాత్రం ఏదీ లేదు.

నేను వెళ్ళింది తోడుగా. ఆ ఫ్లాట్‌కి కర్టెన్లు కుట్టింది నేనే కాబట్టి నన్నెవరూ ఆపలేదు.

హాలు చూశాను. చెప్పొద్దూ, నాకు నవ్వాగలేదు. బల్ల మీద పళ్ళు మైనంవి. టీవీ అట్టది, నల్ల రంగు కొట్టారు. అరలో పుస్తకాలున్నాయి, ఒకటి లాగబోతే అరంతా కదిలింది. పుస్తకాల వీపులు మాత్రమే కోసి అరకి అతికించారు. ఇంత ఇంట్లో చెప్పులు విడవడానికి చోటు లేదు. చీపురు నిలబెట్టడానికి మూల లేదు. తడిబట్ట ఆరేసుకునే తీగ లేదు. ఆ ఇంట్లో ఉండబోయే మనుషులకి పాదాలు లేవు, దుమ్ము లేదు, చెమట లేదు అన్నమాట. డిజైనరమ్మ మాత్రం చేతులు గాల్లో తిప్పుతూ "స్పేస్, స్పేస్" అంటోంది. వాకిట్లోంచి వంటింట్లోకి నాలుగు అంగలు. అందులో ఎంత స్పేస్ ఉందో నాకు అర్థం కాలేదు.

టేపు పిల్ల కొలుస్తోంది. గంటసేపు కొలిచింది. చివరికి డిజైనరమ్మ పడకగదిలోకి వచ్చి చేయి చాపింది. "ఏదీ, చూపించు."

పిల్ల నోటుబుక్కు ఇచ్చింది. ఆవిడ గోటి కొసతో పేజీలు తిప్పింది, ముట్టుకుంటే అంటుకుంటుందన్నట్టు.

"ఇవేంటి? నంబర్లు."

"కొలతలు మేడమ్."

"ఏం బాగుందో రాయమన్నాను. రంగు గురించి ఒక్క మాట లేదు. వెలుతురు గురించి లేదు. తాపీమేస్త్రీలా కొలుచుకొచ్చావు."

"మేస్త్రీ కొలవకపోతే గోడ నిలబడదు కదా మేడమ్."

"నీకు చేతిలో టేపు ఉంది, కంట్లో కళ లేదు." ఆవిడ నా వైపు తిరిగింది. "ఏమ్మా, పిల్లకి సినిమాలైనా చూపించవా?"

"చూస్తుందమ్మా. అందులో కూడా మంచం ఎటు తిరిగి ఉందో చూస్తుంది," అన్నాను.

పిల్ల వెనక్కి తగ్గలేదు. "మేడమ్, ఒకటి అడగొచ్చా? ఈ మంచం పొడుగు ఐదడుగుల నాలుగంగుళాలే ఉంది. పొరపాటున చేశారా?"

"పొరపాటు కాదు. చేయించాం." ఆవిడ నవ్వింది. ఎంత తెలివైనదాన్నో చూడు అన్నట్టుంది ఆ నవ్వు. "మామూలు మంచం వేస్తే గది ఇరుకుగా కనిపిస్తుంది. అన్నీ కొంచెం కొంచెం తగ్గించి చేయిస్తాం. సోఫా, బల్ల, కుర్చీలు. చూసేవాళ్ళకి గది పెద్దదనిపిస్తుంది. ఇది మా పనిలో మొదటి పాఠం, రాసుకో."

"మరి పడుకుంటే?"

"షో మంచం మీద ఎవరు పడుకుంటారు?"

ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. మా పుట్టింట్లో అందరం నిట్టాడుల్లా ఉంటాం. నేను ఐదడుగుల ఏడంగుళాలు. చెప్పులు విడిచి వెళ్ళి ఆ మంచం మీద వెల్లకిలా పడుకున్నాను. తల ఆ చివర చెక్కకి తగిలింది. మడమలు ఈ చివర గాల్లో వేలాడాయి.

"ఏమ్మా! లే లే! దుప్పటి నలుగుతుంది!"

"లేస్తానమ్మా. కాళ్ళు మాత్రం అప్పుడే లేచి బయట ఉన్నాయి."

పిల్లకి నవ్వొచ్చింది, పెదవి కొరుక్కుని ఆపుకుంది. డిజైనరమ్మ దుప్పటి అంచులు సర్దుతూ గొణిగింది. పిల్ల మళ్ళీ అడిగింది. "గదులకి తలుపులు కూడా లేవు మేడమ్. చట్రాలే ఉన్నాయి."

"తలుపు తెరుచుకోవాలంటే రెండున్నర అడుగులు కావాలి. అది గదిని తినేస్తుంది. తీసేస్తే ఖుల్లాగా ఉంటుంది."

"కొన్నాక తలుపు పెట్టుకుంటారు కదా. అప్పుడు ఇక్కడ బీరువా తలుపుకి కొట్టుకుంటుంది. నేను గీసి చూశాను."

"అప్పుడు అది వాళ్ళిల్లు, వాళ్ళ తలుపు." ఆవిడ నోటుబుక్కు మూసి మంచం మీదికి విసిరింది. "చూడు పిల్లా. జనం కొలతలు కొనరు. జనానికి కొలత తెలిస్తే ఇక్కడికెందుకొస్తారు? ఒక పూట వచ్చి, చల్లగా నిలబడి, ఇలా బతుకుతాం అనుకుని మురిసిపోతారు. ఆ మురిపెం తయారుచేయడమే నా పని. మిగతాది వాళ్ళ తలరాత."

ఆవిడ ఎవర్ని తక్కువ చేసి మాట్లాడుతోందో ఆవిడకే తెలియదు. రేపు వచ్చేవాళ్ళందర్నీ ఒక్క మాటతో తీసిపారేసింది. నేను మనసులోనే ఆవిణ్ణి తిట్టుకుంటున్నాను. ఇంత చదువు చదివి మంచం కోయించడం నేర్చుకుందా, అని. చాలా హాయిగా తిట్టుకుంటున్నాను.

ఆ హాయి ఎక్కువసేపు లేదు.

పిల్ల గది చివరికి నడిచింది. ఆ గోడంతా ఒకే కర్టెన్. పైకప్పు నుంచి నేల దాకా, పదడుగుల వెడల్పు, మీగడ రంగు. వెనక నుంచి పలచగా వెలుతురు వస్తోంది, మబ్బు పట్టిన మధ్యాహ్నంలా. గదికి అందం ఏదైనా ఉందంటే అదే.

"అది ముట్టుకోకు," అంది డిజైనరమ్మ. గొంతు మారింది.

"కిటికీ వెడల్పు రాసుకోలేదు మేడమ్. అదొక్కటే మిగిలింది."

తాడు లాగింది. రింగులు జరజరా జరిగాయి.

కర్టెన్ వెనక కిటికీ లేదు. గోడ. తెల్ల సున్నం కొట్టిన గోడ, దాని మీద అడ్డంగా రెండు ట్యూబులైట్లు.

పిల్ల తాడు వదిలేసింది. తర్వాత గోడని అరచేత్తో తడిమింది. "అసలు ఫ్లాట్‌లో కూడా ఇక్కడ కిటికీ రాదా?"

"అటువైపు పక్క బ్లాకు గోడ ఉంది. ఎలా వస్తుంది?"

"మరి ఇది..."

"మేం కిటికీ అని ఎక్కడా రాయలేదు." డిజైనరమ్మ వేళ్ళతో లెక్కపెట్టి చెప్పింది. "కాగితంలో చూసుకో. పడకగది, బీరువా, కర్టెన్. అంతే రాశాం. చూసేవాళ్ళు కిటికీ ఉందనుకుంటే మేమేం చేస్తాం? గాలికి ఏసీ పెట్టుకుంటారు."

పిల్ల వినడం లేదు. వంగి కర్టెన్ కింది అంచు పట్టుకుని చూస్తోంది. రెండు మడతలు, మడత మడతకీ లోపలి నుంచి సన్నని చేతికుట్టు. మిషన్ కుట్టు పైకి కనిపించకూడదని నేను అలా కుడతాను. ఈ చుట్టుపక్కల ఇంకెవరూ అలా కుట్టరు. దానికి తెలుసు. దానికి ఆ కుట్టు నేర్పింది నేనే.

"పెద్దమ్మా, ఇది నువ్వు కుట్టిందే."

"ఊఁ."

"కొలత తీసుకోవడానికి నువ్వే వచ్చావా?"

అబద్ధం చెప్పొచ్చు. కొలత కాగితం మీద పంపారని చెప్పొచ్చు. దాని మొహం చూస్తే నోరు రాలేదు.

"వచ్చాను."

"అప్పుడు ఈ గోడ ఉందా?"

"ఉంది. లైట్లు కూడా బిగించి ఉన్నాయి. లైనింగు పలచగా వేయమన్నారు, వెలుతురు రావాలని."

"గోడని చూసి, గోడకి కొలత తీసుకుని, కర్టెన్ కుట్టావా?"

కర్టెన్ అంచు దాని చేతిలోంచి తీసుకుని మడత సర్దాను. నలభై ఏళ్ళుగా అలాగే బతికాను. కొలత ఇస్తే కుట్టడం, పిలిస్తే వెళ్ళి తగిలించడం. గోడకి కర్టెన్ ఎందుకు అని మనసులో ఒక్కసారి అనిపించిన మాట నిజం. నాకెందుకులే అని ఆ మాటని కత్తిరించి పారేసిన మాట కూడా నిజం. ఇప్పటిదాకా డిజైనరమ్మని మనసులో ఎన్ని తిట్టానో, అవన్నీ తిరిగొచ్చి వరసగా నా ముందు కూర్చున్నాయి. ఆవిడ మంచం కోయించింది. నేను లేని కిటికీకి బట్టలు తొడిగాను. ఆవిడ కనీసం తను చేస్తున్నదేంటో గట్టిగా చెబుతోంది.

డిజైనరమ్మకి ఇది మహా సరదాగా ఉంది. మెడలో కళ్ళజోడు తీసి ఇప్పుడు ముక్కు మీద పెట్టుకుంది. "చూశావా? మీ పెద్దమ్మ నీకంటే తెలివైంది. ఆవిడ అడగలేదు. అందుకే నా పనులన్నీ ఆవిడకే ఇస్తాను."

చెంప మీద కొట్టినా అంత మండేది కాదు.

తర్వాత ఆవిడ కర్టెన్ పక్కనున్న గాజుబల్ల సొరుగులోంచి ఒక కాగితం తీసి పైన పెట్టింది. పనిలో చేరే కాగితం. పిల్ల పేరు అప్పుడే టైపు చేసి ఉంది, కింద సంతకానికి చోటు ఖాళీగా ఉంది. "నీలో మొండితనం ఉంది. అది పనికొస్తుంది. కొలత తెలిసినవాళ్ళే కొలత బాగా దాచగలరు. రేపు పదింటికి ఈ కర్టెన్ పక్కన నిలబడు. ఎవరైనా చెయ్యి వేయబోతే, కొత్త బట్టండీ, చేతులు పెట్టకండి అను. అంతే. అబద్ధం ఒక్కటి కూడా ఆడక్కర్లేదు. పన్నెండింటికి నేను సంతకం పెడతాను, సోమవారం ఆఫీసుకి వచ్చెయ్యి."

సోమవారం. ఒకవైపు ఆఫీసు, ఒకవైపు బకెట్ల కొట్టు. పిల్ల ఆ కాగితం వైపు చూసిన చూపు నేను చూశాను. నాలుగేళ్ళ చెప్పుల డబ్బాలు ఆ చూపులో ఉన్నాయి.

"నేను నిలబడను మేడమ్," అంది.

"అయితే వెళ్ళు."

"పెద్దమ్మ నిలబడుతుంది. కుట్టింది ఆవిడే కదా. ఎవరైనా అడిగితే ఆవిడే చెబుతుంది. ఆవిడ ఏం చెప్పినా నాకు సమ్మతమే. ఆవిడ మీరన్నట్టు చెబితే నేను సోమవారం వచ్చి మీరేం నేర్పిస్తే అది నేర్చుకుంటాను. మళ్ళీ ఏదీ అడగను."

డిజైనరమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. నలభై ఏళ్ళుగా ఎవరికీ ఎదురు చెప్పని నోరు నాదని ఆవిడకి తెలుసు. "భేష్," అంది. "ఈవిడైతే మరీ మంచిది."

తిరుగు దారిలో పిల్ల నా పక్కన నడవలేదు, నాలుగడుగులు ముందు నడిచింది. మా సందు మలుపులో నేనే పిలిచాను.

"ఏమే, నా మీద ఇంత బరువు పెడతావా? నీ బతుకు నా నాలుక మీద పెడతావా?"

అది ఆగింది. "నాకు ఆవిడ మీద కోపం లేదు పెద్దమ్మా. ఆవిడ ఎలాంటిదో మంచం చూస్తేనే తెలిసింది. నువ్వు నాకు మొదటిసారి కుట్టు నేర్పినప్పుడు అర అంగుళం తేడా వచ్చిందని మూడుసార్లు విప్పించావు. ఏడ్చినా వినలేదు. గుర్తుందా?"

"ఉంది."

"నీ దగ్గరే నేర్చుకున్నాను నేను. ఇంకెవరి దగ్గరో కాదు. నువ్వు నేర్పింది ఏంటో నాకు ఇప్పుడు సరిగ్గా తెలియాలి."

అని వెళ్ళిపోయింది. నా మొహాన తలుపు వేసినా బాగుండేది.

శనివారం పొద్దున పదింటికి నేను ఇస్త్రీ చీర కట్టుకుని ఆ గోడ పక్కన నిలబడ్డాను. ట్యూబులైట్లు వెలిగించారు, కర్టెన్ వెనక మబ్బు పట్టిన మధ్యాహ్నం తయారైంది. గాజుబల్ల మీద పిల్ల కాగితం, దాని మీద మూత తీసిన కలం. డిజైనరమ్మ వాకిట్లో నవ్వుతూ నిలబడింది. పిల్ల తలుపు లేని చట్రానికి ఆనుకుని నేలకేసి చూస్తోంది.

ముందుగా వచ్చింది ఒక మొగుడూ పెళ్ళాం. ఆయన వ్యాను డ్రైవరట, భుజాలు దించుకుని నడిచేంత పొడుగు. ఆవిడ చేతిలో సంచి, సంచిలో మడతపెట్టిన ఫ్లాట్ కాగితం. చాలాసార్లు విప్పి మడిచినట్టుంది, మడతల దగ్గర చిరుగులు పట్టింది. ఇద్దరూ హాలు చూశారు. గట్టిగా మాట్లాడితే ఎవరైనా బయటికి పొమ్మంటారేమో అన్నట్టు గుసగుసలాడారు. పడకగదిలోకి రాగానే ఆవిడ మొహం విచ్చుకుంది.

"ఏవండీ, ఇటు చూడండి. ఎంత వెలుతురో!"

నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, ఈ కిటికీ ఎటువైపు తెరుచుకుంటుంది? ఈయనవి రాత్రి డ్యూటీలు. పగలు పడుకోవాలి. ఇప్పుడున్న గదికి కిటికీ లేదక్కా, ఎండాకాలం ఈయన తడిగుడ్డ కప్పుకుని పడుకుంటారు. అందుకే ఇల్లు మారదామని పదేళ్ళుగా చూస్తున్నాం. అటు రోడ్డుందా, చెట్లున్నాయా?"

ఆ గదిలో ఉన్నవాళ్ళలో నన్ను అక్కా అని పిలిచింది ఆవిడొక్కతే.

వాళ్ళ వెనకే గదిలోకి వచ్చిన డిజైనరమ్మ కనుబొమ్మలు ఎత్తి నా వైపు చూసింది. నేను అనాల్సిన మాటలు నాలుగే. పొద్దున్నుంచీ కూడబలుక్కున్నాను, నాలుక చివరే ఉన్నాయి. అవి అనేస్తే పిల్లకి సోమవారం ఆఫీసు. అనకపోతే బకెట్ల మధ్య స్టూలు. రెండూ నాకు కళ్ళకి కట్టినట్టు కనిపిస్తున్నాయి. పిల్ల మాత్రం తల ఎత్తలేదు. నాకు సాయం చేయకూడదని ఒట్టు పెట్టుకున్నట్టుంది.

నా చేయి తాడు మీదికి వెళ్ళింది. అది చూసి డిజైనరమ్మ గబగబా వచ్చి నాకూ కర్టెన్‌కీ మధ్య నిలబడింది. మొహం మీది నవ్వు మొహం మీదే ఉంది. "కొత్త బట్ట కదమ్మా, చెప్పు వీళ్ళకి," అంది పళ్ళ మధ్య నుంచి. ఆవిడ చేయి బల్ల మీది కాగితాన్ని పట్టుకుంది, చింపడానికి రెండు వేళ్ళు చాలన్నట్టు.

తాడు రెండు చేతులా బిగించి పట్టుకున్నాను.

"పక్కకి జరగండమ్మా," అన్నాను ఆవిడతో.

ఇట్లు,
కర్టెన్ల పెద్దమ్మ,
వయసు అరవై ఆరు.
ప్రస్తుతం ఉంటున్నది బస్సు డిపో వెనక వీధిలో, మెట్ల కింది గదిలో.